లాగేది భూమి, పట్టేది గాలి



ఈ ఇరవై నాలుగు గంటల్లో అంతరిక్షం నుంచి భూమి మీదికి సుమారు 100 టన్నుల ధూళి వచ్చి చేరుతుంది. నిన్నా చేరింది, రేపూ చేరుతుంది. దీనికి వానాకాలం, ఎండాకాలం అన్న తేడా లేదు. సముద్రం, అడవి, వరిచేను, మన ఇంటి డాబా అన్న తేడా అంతకన్నా లేదు. విస్తీర్ణం బట్టి లెక్కగడితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటి వాటా ఏడాదికి 20 టన్నుల పైచిలుకు. అంటే రెండు లారీల సరుకు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా, అనంతపురం దాకా రెండు లారీల దుమ్ము చల్లితే ఎవరి కంటికి ఆనుతుంది? అందుకే మనం పట్టించుకోం.

ఈ ధూళి ఎక్కడిది, భూమి దాన్ని ఎలా పోగుచేసుకుంటుంది అన్నదే ఇవాళ్టి ప్రసంగం. ఇందులో చెప్పడానికేముంది, గురుత్వాకర్షణ లాగుతుంది, అది వచ్చి పడుతుంది అని మీరు అనవచ్చు. అది సగం నిజం. లాగడం వేరు, పట్టుకోవడం వేరు. గ్రహం తన ఆకర్షణతో దూరంగా పోయే రేణువును తనవైపు తిప్పుకోగలదు. తిప్పుకున్నదాన్ని తన దగ్గర అట్టిపెట్టుకోవడం మాత్రం ఒట్టి ఆకర్షణతో అయ్యే పని కాదు. ఈ తేడా దగ్గరే ఒకప్పుడు అంతరిక్ష శాస్త్రంలో పెద్ద గందరగోళం జరిగింది. ఆ కథకి వస్తాను. ముందు ధూళి సంగతి చూద్దాం.

సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే చోటంతా ఖాళీ అనుకుంటాం. ఖాళీయే గాని, బొత్తిగా ఖాళీ కాదు. తోకచుక్క సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు దానిలోని మంచు ఆవిరైపోయి, మంచులో ఇరుక్కున్న మట్టి బయటపడుతుంది. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాలు ఒకదాన్నొకటి గుద్దుకుని పొడి రాలుస్తాయి. ఈ రెండు దారుల్లో వచ్చిన రేణువులు, గ్రహాలు తిరిగే తలం వెంబడే పలచగా పరుచుకుని ఉంటాయి. చాలావాటి సైజు మిల్లీమీటరులో పదో వంతు, లేదా అంతకన్నా తక్కువ.

ఈ ధూళిని కంటితో చూడవచ్చు కూడా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూర్తిగా చీకటి పడ్డాక పడమటి దిక్కున, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తెల్లవారకముందు తూర్పు దిక్కున ఒక మసక వెలుగు లేస్తుంది. నేల దగ్గర వెడల్పుగా ఉండి పైకి పోనుపోను సన్నబడుతుంది. దీన్ని జోడియాకల్ లైట్ అంటారు. ధూళి మీద పడి చెదిరిన సూర్యకాంతి అది. వెన్నెల లేని రోజున, ఊరి దీపాలు కనపడనంత దూరం వెళ్లి చూడాలి. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి ఆ వెలుగు మనకు నిటారుగా లేస్తుంది. ఈ విషయంలో యూరపు వాళ్లకన్నా మనం అదృష్టవంతులం.

ఈ రేణువులు పుట్టిన చోటే తిరుగుతూ ఉండిపోవు. సూర్యకాంతికి కూడా కొంచెం తోసే గుణం ఉంది. కక్ష్యలో పరుగెత్తే రేణువుకు ఆ కాంతి నేరుగా పక్కనుంచి తగలకుండా, రవ్వంత ఎదురుగా తగులుతుంది. ఆ ఎదురుదెబ్బకి వేగం కొద్దికొద్దిగా తగ్గి, కక్ష్య చిన్నదవుతూ, రేణువు చుట్లు చుడుతూ సూర్యుడివైపు దిగుతుంది. 1903లో ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త జాన్ పాయింటింగ్ ఈ సంగతి చెప్పాడు. 1937లో అమెరికా శాస్త్రవేత్త హెచ్.పి. రాబర్ట్‌సన్ దాన్ని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం సరిచేశాడు. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉన్న రేణువు గ్రహశకలాల నడుమ నుంచి భూమి కక్ష్య దాకా దిగిరావడానికి లక్ష సంవత్సరాల వరకు పడుతుంది.

దిగేకొద్దీ దాని కక్ష్య గుండ్రబడుతుంది. భూమి కక్ష్య ఎలాగూ దాదాపు గుండ్రమే. అంచేత అవి రెండూ కలుసుకునే వేళకు ఒకే దిక్కుగా, ఇంచుమించు ఒకే వేగంతో పోతుంటాయి. భూమి మీద నిలబడి చూసేవాడికి ఆ రేణువు చాలా నింపాదిగా దగ్గరపడుతున్నట్టు ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాతి లెక్కంతా దీనిమీదే నడుస్తుంది.

ఇక లాగడం సంగతి. భూమికి ఆకర్షణే లేదనుకోండి. అప్పుడు సూటిగా వచ్చిన రేణువే తగులుతుంది. కాస్త పక్కగా వచ్చింది పక్కగానే పోతుంది. ఆకర్షణ ఉంది కాబట్టి పక్కగా పోవాల్సిన రేణువు దారి భూమివైపు వంగుతుంది. ఎంత వంగుతుందనేది రేణువు బరువు మీద ఆధారపడదు. ఇసుక రేణువైనా, ఇల్లంత బండరాయైనా ఒకటే. ఆధారపడేది దాని వేగం మీద. నెమ్మదిగా వచ్చేదాన్ని వంచడానికి భూమికి సమయం చిక్కుతుంది. దూసుకొచ్చేదాన్ని వంచేలోపే అది దాటిపోతుంది.

అంకెల్లో చూద్దాం. దూరంలో ఉండగా భూమితో పోల్చి సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రేణువును తీసుకోండి. ఆకర్షణే లేకపోతే అది భూమి ఉపరితలానికి 9,200 కిలోమీటర్ల ఎడంగా దాటిపోయే దారిలో ఉందనుకుందాం. అంత ఎడంగా ఉన్నది కూడా వంగి వచ్చి భూమికి తగులుతుంది. అదే వేగం 20 కిలోమీటర్లయితే ఆ ఎడం 930 కిలోమీటర్లకు పడిపోతుంది. 60 కిలోమీటర్లయితే 110 కిలోమీటర్లే. మరోలా చెప్పాలంటే, మొదటి రేణువుకి భూమి తన అసలు విస్తీర్ణానికి ఆరు రెట్ల గురి. మూడోదానికి దాదాపు ఉన్నంతే.

లెక్క కట్టే సూత్రం హైస్కూలు పిల్లలకీ అందేదే. భూమి పలాయన వేగం, అంటే భూమి పట్టు నుంచి పూర్తిగా బయటపడడానికి కావలసిన వేగం, సెకనుకు 11.2 కిలోమీటర్లు. దాన్ని రేణువు వేగంతో భాగించి, వర్గం చేసి, ఒకటి కలపండి. భూమి గురి అన్ని రెట్లు పెరిగిందన్నమాట. ఎస్టోనియాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్తర ఐర్లండులోని ఆర్మా అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఓపిక్, 1951లో ఈ ఆకర్షణ ప్రభావాన్ని కలుపుకుని, సూర్యుడి చుట్టూ తిరిగే వస్తువు ఏదైనా ఒక గ్రహాన్ని గుద్దుకునే అవకాశం ఎంతో లెక్కగట్టే పద్ధతి ఇచ్చాడు. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

దీని పర్యవసానం ఒకటుంది. మన మీద పడే ధూళి, అంతరిక్షంలో ఉన్న ధూళికి సరైన నమూనా కాదు. నింపాదిగా వచ్చే రేణువులు ఎక్కువగా చిక్కుతాయి, దూకుడుగా వచ్చేవి తప్పించుకుంటాయి. కాబట్టి గుండ్రటి కక్ష్యల మీద వచ్చే గ్రహశకలాల ధూళికి మన దగ్గర ఉండాల్సినదానికంటే పెద్ద వాటా దక్కుతుంది. సాగదీసిన కక్ష్యల మీద వచ్చే తోకచుక్కల ధూళికి వాటా తగ్గుతుంది. పడినదాన్ని బట్టి పైన ఉన్నదాన్ని అంచనా కట్టే ప్రతి శాస్త్రవేత్తా ఈ తేడాను సరిచేసుకోవాల్సిందే.

ఇంకో సంగతి. దూరంలో ఎంత నింపాదిగా ఉన్నా సరే, గాలి పొర అంచుకు చేరేసరికి ఆ రేణువు వేగం సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గదు. ఆ వేగంతో హైదరాబాదు నుంచి విజయవాడకు అరనిమిషం కూడా పట్టదు. అది కనీస వేగం మాత్రమే. సూర్యుడి చుట్టూ భూమికి ఎదురు దిశలో తిరుగుతూ వచ్చేవి 72 కిలోమీటర్ల వేగం దాకా అందుకుంటాయి.

ఇప్పుడు పట్టుకోవడం దగ్గరికి వద్దాం. నున్నటి పెద్ద మూకుడు తీసుకుని, అంచు మీంచి ఒక గోళీని లోపలికి దొర్లించండి. దిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది. అడుగు దాటి అవతలి గోడ ఎక్కుతుంది. రాపిడి అన్నదే లేకపోతే అవతలి అంచుదాకా ఎక్కి, మొదట ఇచ్చిన తోపు మిగిలే ఉంటుంది కాబట్టి, బయటికి దూకేస్తుంది. మన వంటింటి మూకుట్లో గోళీ చివరికి అడుగున ఆగుతుందంటే, దాని శక్తిని రాపిడి తినేసింది కనుక. గ్రహం ఆకర్షణా అంతే. దూరం నుంచి వచ్చిన రేణువు భూమికి తగలకుండా దాటిందంటే, ఏ వేగంతో వచ్చిందో అదే వేగంతో వెళ్లిపోతుంది. దారి ఒక్కటే మారుతుంది. అది భూమి చుట్టూ తిరుగుతూ ఉండిపోవాలంటే ఎక్కడో ఒకచోట శక్తి పోగొట్టుకోవాలి. శూన్యంలో పోగొట్టుకోవడానికి ఏముంది?

మన ఇస్రో వాళ్లకి ఇది అనుభవంలో ఉన్న విషయమే. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కుజుడి దగ్గరికి చేరినప్పుడు సుమారు 23 నిమిషాల పాటు ఇంజను మండించి దాని వేగం తగ్గించారు. ఆ పని చెయ్యకపోతే కుజుడి ఆకర్షణ ఎంత ఉన్నా, నౌక పక్కనుంచి వంగి వెళ్లిపోయేది. నౌకకి ఇంజనుంది. ధూళి రేణువుకి ఇంజను లేదు.

ఇందాక చెబుతానన్న గందరగోళం ఇక్కడే మొదలైంది. 1950ల చివర, 1960ల మొదట్లో కొన్ని ఉపగ్రహాలకు చిన్న మైక్రోఫోన్లు బిగించి పంపారు. రేకు మీద రేణువు తగిలితే టక్కుమని చప్పుడవుతుంది. ఎన్ని చప్పుళ్లు వస్తే అన్ని రేణువులని లెక్క. వచ్చిన లెక్క చూస్తే అందరికీ కళ్లు తిరిగాయి. దూరపు అంతరిక్షంలో ఉండవలసిన ధూళికన్నా భూమి దగ్గర వేల రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. భూమి చుట్టూ దట్టమైన ధూళి మేఘం ఉందన్న మాట బయల్దేరింది. తోకచుక్కల శాస్త్రంలో మహా పండితుడు, అమెరికాకు చెందిన ఫ్రెడ్ విపుల్, 1961లో నేచర్ పత్రికలో ఆ మేఘం గురించే రాశాడు.

మేఘం ఉందంటే దాన్ని అక్కడ నిలబెట్టింది ఏమిటో చెప్పాలి కదా. మనం చూసిన లెక్క ప్రకారం ఆకర్షణ దారి వంచగలదు, కొంత గుంపు చేర్చగలదు. వేల రెట్లు పోగుచెయ్యడం దాని వల్ల కాదు. ఎన్నో సిద్ధాంతాలు వచ్చాయి, ఏదీ సరిగ్గా అతకలేదు. 1966లో సైన్స్ పత్రికలో నిల్సన్ అనే పరిశోధకుడు అసలు పరికరం మీదే అనుమానం లేవనెత్తాడు. ఉపగ్రహం ఎండలోకి వచ్చి వేడెక్కినప్పుడు, నీడలోకి పోయి చల్లబడినప్పుడు మైక్రోఫోనులోని స్ఫటికం తనంతట తానే చప్పుళ్లు చేస్తోంది. ధూళి తగలాల్సిన పనే లేదు. 1965లో అమెరికా పంపిన పెగసస్ ఉపగ్రహాలు మరో పద్ధతి పాటించాయి. పరిచిన రేకులకు చిల్లు పడితేనే లెక్క. ఆ లెక్క ఎంతో తక్కువగా వచ్చింది. భూమి చుట్టూ ఉందన్న మేఘం పుస్తకాల్లోంచి మాయమైంది.

మరి భూమి దగ్గర రేణువు శక్తి పోగొట్టుకునే చోటు ఏది? గాలి. భూమి లాగిన ధూళిని భూమికి దక్కించేది దాని వాతావరణం.

నేలకు 100 కిలోమీటర్ల పైన గాలి ఎంతో పలచన. అయినా సెకనుకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో వచ్చే రేణువుకు ఆ పలచటి గాలే గట్టి అడ్డు. అక్కడి నుంచి రేణువు గతిని దాని సైజు నిర్ణయిస్తుంది. ఒక మిల్లీమీటరు, అంతకు మించి ఉన్నది కొద్ది క్షణాల్లో భగ్గుమని ఆవిరైపోతుంది. చుక్క రాలిందని మనం అనేది దాన్నే. మిల్లీమీటరులో పదో వంతు సైజువి చాలావరకు కరిగి, గుండ్రటి బొట్టుగా మారి, గట్టిపడి కిందికి దిగుతాయి. ఇరవయ్యో వంతుకన్నా చిన్నవి చాలామట్టుకు కరగకుండానే దిగుతాయి.

చిన్నది బతికి బట్టకట్టి, పెద్దది కాలిపోవడం వింతగా ఉంటుంది గాని కారణం సులువే. చిన్న రేణువుకు బరువు తక్కువ, ఆ బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. అందుకని గాలి ఇంకా బాగా పలచగా ఉన్న ఎత్తులోనే దాని వేగం చచ్చిపోతుంది. పుట్టిన వేడి పుట్టినట్టే వైశాల్యం గుండా బయటికి పోతుంది, కరిగేంత పోగవదు. 1950లోనే ఈ లెక్క వేసి, అలా బతికి వచ్చిన రేణువులకు మైక్రోమీటియరైట్లని పేరు పెట్టింది కూడా ఇందాకటి ఫ్రెడ్ విపులే. ఆయన చూపిన ధూళి మేఘం నిలబడలేదు గాని, ఈ లెక్క నిక్షేపంగా నిలబడింది. వేగం పోయిన రేణువులు ఆ తర్వాత వారాల తరబడి గాలిలో తేలుతూ, చివరికి వాన నీటితోనో, మంచుతోనో, ఒట్టినేనో నేలకు చేరతాయి.

ఆవిరైపోయినవి కూడా వృథాగా పోవు. వాటిలోని సోడియం, ఇనుము, మెగ్నీషియం పరమాణువులు 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పలచటి పొరగా ఉంటాయి. పెద్ద టెలిస్కోపుల దగ్గర ఆ సోడియం పొర మీదికి పసుపు రంగు లేజర్ కొట్టి, ఒక కృత్రిమ నక్షత్రాన్ని వెలిగించుకుని, దాని సాయంతో గాలి కదలికల వల్ల వచ్చే మసకను సరిచేసుకుంటారు.

గాలి విలువ తెలియాలంటే చంద్రుణ్ణి చూడాలి. చంద్రుడు మనకు పొరుగువాడే, అదే ధూళిలో తిరుగుతున్నాడు. అతని పలాయన వేగం సెకనుకు 2.4 కిలోమీటర్లే కాబట్టి లాగే బలం తక్కువ. గాలి లేదు కాబట్టి మెత్తగా పట్టుకునే ఉపాయమూ లేదు. వచ్చిన రేణువు వచ్చిన వేగంతోనే నేలను గుద్ది, తానూ ఆవిరై, కొంత మట్టిని ఎగజిమ్ముతుంది. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్లను సూక్ష్మదర్శిని కింద పెడితే ఒంటినిండా గాజు పూత పూసిన సన్నటి గుంటలు కనిపిస్తాయి. అవి ఈ ధూళి దెబ్బలే.

ఇదంతా కాగితం మీది లెక్క కాదనడానికి రుజువులు ఏమిటి? మొదటిది సముద్రం అడుగు నుంచి వచ్చింది. 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలు చుట్టిన బ్రిటిష్ నౌక చాలెంజర్, లోతైన అడుగుల నుంచి బురద పైకి తీసింది. ఆ బురదను అయస్కాంతంతో గాలించిన శాస్త్రవేత్త జాన్ మరేకి సన్నటి నల్లటి గుండ్లు దొరికాయి. ఇవి ఆకాశం నుంచి వచ్చినవని ఆయన చెప్పాడు. ఒడ్డు నుంచి వచ్చే మట్టి అంత లోతుకు, అంత దూరానికి చేరదు. కాబట్టి అక్కడ ఆకాశపు ధూళి మరీ పలచబడకుండా మిగిలింది.

రెండోది పైనుంచి. 1970లలో అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ బ్రౌన్లీ, 20 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే యూ-2 విమానాల రెక్కలకు జిగట నూనె పూసిన పలకలు కట్టించి, కరగకుండా దిగివస్తున్న రేణువుల్ని గాలిలోనే పట్టాడు. మూడోది అంతరిక్షం నుంచే. 1984 ఏప్రిల్‌లో స్పేస్ షటిల్ ఒక బస్సంత ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలింది. ఏడాదిలో తిరిగి తేవాలన్నది ఆలోచన. ఈలోగా చాలెంజర్ షటిల్ ప్రమాదం జరగడంతో అది 1990 జనవరి దాకా అక్కడే ఉండిపోయింది. ఆ ఆలస్యం ధూళి శాస్త్రానికి కలిసొచ్చింది. దాదాపు ఆరేళ్ల దెబ్బలు దాని అల్యూమినియం పలకల మీద అచ్చుపడ్డాయి. స్టాన్లీ లవ్, బ్రౌన్లీ కలిసి ఆ గుంటలు కొలిచి, భూమికి ఏడాదికి 40,000 టన్నులు చేరుతోందని 1993లో ప్రకటించారు. 20,000 టన్నులు అటూ ఇటూ కావచ్చన్నారు. మొదట్లో నేను చెప్పిన రోజుకు 100 టన్నుల లెక్క అదే.

నాలుగోది అంటార్కిటికా నడిబొడ్డు నుంచి. అక్కడ సముద్ర మట్టానికి 3,200 మీటర్ల ఎత్తున ఫ్రాన్స్, ఇటలీ కలిసి నడిపే కంకార్డియా స్థావరం ఉంది. చుట్టూ వందల కిలోమీటర్ల మేర మట్టి అన్నది లేదు. ఫ్రెంచి పరిశోధకులు స్థావరం పొగ సోకని చోట మంచులో లోతైన కందకాలు తీసి, గోడల నుంచి శుభ్రమైన మంచు కోసి, కరిగించి, వడకట్టారు. జల్లెడలో మిగిలిన రేణువుల్ని ఒక్కొక్కటే సూక్ష్మదర్శిని కింద ఏరారు. మంచు ఏటా ఎంత కురుస్తుందో తెలుసు కాబట్టి రేణువులు ఏటా ఎన్ని పడ్డాయో లెక్క తేలింది. ప్రపంచం మొత్తానికి వర్తింపజేస్తే ఏడాదికి 5,200 టన్నులు నేలకు చేరుతోందని 2021లో చెప్పారు. 40,000 టన్నులకూ దీనికీ పొత్తు కుదరడం లేదని కంగారు పడనక్కర్లేదు. మొదటిది వాతావరణం తలుపు దగ్గరి లెక్క, రెండోది నేల మీది లెక్క. నడుమ కాలి ఆవిరైనది చాలా ఉంది. ఏ లెక్కకైనా సందేహాల అంచు ఉండనే ఉంది.

శూన్యంలో ధూళి ఆగదన్నాను గదా, దానికి ఒక చిన్న సవరణ చెప్పాలి. సూర్యుడివైపు దిగివచ్చే రేణువులు కొన్ని భూమి కక్ష్యకు కాస్త బయట కొంతకాలం నిలిచిపోతాయి. కాంతి వాటిని లోపలికి దించుతుంటుంది. భూమి క్రమం తప్పకుండా ఇచ్చే చిన్న చిన్న కుదుపులు బయటికి నెడుతుంటాయి. రెండూ సరితూగినంత కాలం అవి అక్కడే ఉంటాయి. 1983లో ఎగిరిన ఐరాస్ ఉపగ్రహం కొలిచిన వేడిని పరిశీలించి, భూమికి వెనకవైపు ధూళి కాస్త దట్టంగా ఉందని 1994లో గుర్తించారు. అయితే ఆ రేణువులు తిరుగుతున్నది సూర్యుడి చుట్టూ. వాటిని భూమి పట్టుకుందనలేం, అడ్డగించిందనవచ్చు.

గ్రహాలు పుట్టింది కూడా ఈ సూత్రాలతోనే. సోవియట్ శాస్త్రవేత్త విక్టర్ సఫ్రోనోవ్ 1969లో వెలువరించిన గ్రంథంలో ఈ లెక్క విస్తారంగా ఉంది. ఒకే రకం పదార్థంతో అయిన రెండు గోళాలు తీసుకోండి, ఒకటి రెండోదానికి రెట్టింపు వ్యాసం. మామూలుగా దాని గురి నాలుగు రెట్లుండాలి. చుట్టూ ఉన్న ముక్కలు నింపాదిగా కదులుతుంటే మాత్రం, పలాయన వేగం కూడా రెట్టింపవుతుంది కాబట్టి, గురి పదహారు రెట్లవుతుంది. కాస్త ముందున్నది మరీ మరీ ముందుకు పోతుంది, చుట్టుపక్కల ఉన్నదంతా ఊడ్చేస్తుంది.

అయినా గురుడి వంటి పెద్ద గ్రహాల విషయంలో ఒక చిక్కు మిగిలింది. తొలినాటి సూర్యుడి చుట్టూ ఉన్న వాయువు కొన్ని మిలియన్ల సంవత్సరాల్లోనే చెల్లాచెదురైపోయింది. ఆలోపే గురుడి లోపలి ముద్ద తయారవ్వాలి. రాళ్లు ఒకటొకటిగా గుద్దుకుంటూ పెరిగితే అంత త్వరగా అవదు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2012లో గులకరాళ్ల దారి చూపించారు. పెరుగుతున్న గ్రహం పక్కనుంచి గులకరాయి పోతుంటే గ్రహం దాన్ని వంచుతుంది. చుట్టూ ఉన్న వాయువు దాని వేగాన్ని తినేస్తుంది. తప్పించుకుని పోవాల్సిన రాయి చుట్లు తిరుగుతూ గ్రహంలోకి దిగిపోతుంది. భూమి మీద వాతావరణం చేసే పనిని ఆనాడు ఆ వాయువు చేసింది. పట్టుకునేవాడు తోడుంటే గ్రహం పెరుగుదల ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది.

మరి మన భూమి ఇంకా పెరుగుతోందా? ఏటా 40,000 టన్నుల చొప్పున 450 కోట్ల సంవత్సరాలు పడినా, భూమి బరువులో పది కోట్ల పాళ్లలో మూడు పాళ్లే అవుతుంది. పైగా ఖర్చు కూడా ఉంది. వాతావరణం పైఅంచు నుంచి సెకనుకు సుమారు 3 కిలోల హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతోంది. ఏడాదికి 90,000 టన్నుల పైమాట. రాబడి కన్నా పోబడే ఎక్కువ. అయినా బెంగపడాల్సిన పని లేదు, భూమి బరువుతో పోలిస్తే రెండూ లెక్కలోకి రానివే.

ఈ లెక్కల్లో మన దేశం ఇప్పుడు స్వయంగా చెయ్యి పెట్టింది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్, ఉపగ్రహాన్ని వదిలేశాక దాని చివరి అంచెను 350 కిలోమీటర్ల ఎత్తున ప్రయోగశాలగా వాడుకున్నారు. అందులో అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ తయారుచేసిన డెక్స్ అనే ధూళి పరికరం ఉంది. రేణువు పెనువేగంతో గుద్దినప్పుడు పుట్టే విద్యుదావేశాన్ని అది పసిగడుతుంది. సుమారు ప్రతి వెయ్యి సెకన్లకు ఒక దెబ్బ తగిలినట్టు ఇస్రో తెలిపింది. చంద్రుడికీ, కుజుడికీ మనుషుల్ని పంపాలనుకుంటే ఇలాంటి కొలతలు తప్పనిసరి. నౌక గోడ ఎంత మందం ఉండాలో చెప్పేవి అవే.

చివరగా మన డాబా దగ్గరికి వద్దాం. మిల్లీమీటరులో పదో వంతు సైజు రేణువులు చదరపు మీటరుకు ఏడాదికి ఒకటి చొప్పున పడతాయని అంచనా. వెయ్యి చదరపు అడుగుల డాబా అయితే 90 దాకా. ఊళ్లలో వీటిని ఏరడం అసాధ్యమని చాలాకాలం అనుకున్నారు. నార్వేకు చెందిన జాజ్ సంగీత విద్వాంసుడు యోన్ లార్సెన్ ఓపిగ్గా ఓస్లో, పారిస్, బెర్లిన్ నగరాల ఇంటి కప్పుల మీది చెత్తను గాలించాడు. లండన్ శాస్త్రవేత్త మాథ్యూ గెంజ్ వాటిని పరీక్షించాడు. 300 కిలోల మట్టిలో 500 రేణువులు నిజంగా ఆకాశానివేనని 2017లో రుజువు చేశారు.

సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు నాదొక మనవి. వాన నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర పేరుకున్న మట్టిని పిల్లల చేత తీయించండి. కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగిన అయస్కాంతంతో గాలించి, అంటుకున్నది సూక్ష్మదర్శిని కింద పెట్టించండి. గుండ్రటి నల్లటి గుండ్లు తప్పకుండా కనిపిస్తాయి. కనిపించగానే ఆకాశపు ధూళి దొరికిందని మాత్రం చెప్పకండి. వాటిలో దాదాపు అన్నీ వెల్డింగ్ నిప్పురవ్వలు, గ్రైండింగ్ రజను, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, దీపావళి బాణసంచా మిగిల్చిన గుండ్లు. నున్నగా అద్దంలా మెరిసేవి చాలావరకు మనుషులు చేసినవే. ఉపరితలం మీద సన్నటి స్ఫటికాల గీతలున్న గుండు దొరికితే దాచిపెట్టి, దగ్గర్లోని విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగానికి చూపించండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దానిలోని మూలకాలు తేలేదాకా తీర్పు చెప్పవద్దు. మైక్రోఫోన్ల చప్పుళ్లను నమ్మి భూమి చుట్టూ మేఘాన్ని చూసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు. పరికరాన్ని ముందు పరీక్షించాలన్న ఒక్క జాగ్రత్త చాలకపోయింది. పిల్లలకు ఆకాశపు రేణువు దొరకకపోయినా ఫర్వాలేదు, ఆ జాగ్రత్త అలవాటైతే చాలు.